ఖర్జూరము: నేపర్‌విల్ తెలుగు గృహములలో దాని స్థానము

ఖర్జూరము తాళకుటుంబమునకు చెందిన వృక్షము. దాని ఫలమునకును ఈ పేరే చెల్లుచున్నది. వృక్షశాస్త్రమున దీనిని ఫీనిక్స్ డాక్టిలిఫెరా అందురు. మన పొలముగట్లమీద తనంత తాను మొలచు ఈతచెట్టు దీనికి సోదరజాతి. ఎడారివాసికి అన్నమై, బాటసారికి చద్దిమూటయై వేల యేండ్లుగా మానవులను పోషించిన ఈ ఫలము, తాను పుట్టిన నేలతో ఏ పోలికయు లేని శీతలదేశములలో సైతము నేడు గృహస్థుల నిత్యాహారమున చేరియున్నది. అట్టి తావులలో నొకటి అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఇల్లినాయ్ రాష్ట్రమున, షికాగోకు పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరమున, డుపేజ్ నదీతీరమున వెలసిన నేపర్‌విల్ నగరము. 1831లో జోసెఫ్ నేపర్ నెలకొల్పిన ఆ చిన్న జనావాసము 2020 నాటి జనాభా లెక్కలలో 1,49,540 మంది నివసించు నగరమైనది. వారిలో అయిదవ వంతుకు మించి ఆసియా సంతతివారు, అందు భారతీయులు, భారతీయులలో తెలుగువారు గణనీయముగా నున్నారు. పొరుగుననే యున్న అరోరా నగరమున 1986లో ప్రతిష్ఠింపబడిన శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములను ఒకచోట చేర్చు పెద్ద ఆధారము.

ఈ కుటుంబములలో ఖర్జూరము రెండు విధములుగా కానవచ్చును. ఒకటి, స్వదేశమునుండి వెంట వచ్చిన ఆచారముగా. రెండవది, పిల్లలకు చక్కెర తగ్గింపవలెనను తల్లిదండ్రుల పట్టుదలవలన వంటయింట కొత్తగా సంపాదించుకొన్న స్థానముగా. రెండవదానిని గూర్చి ఉత్సాహము మెండు, వివేచన కొంత కొరవడి యున్నది. ఖర్జూరము పోషకమైన తీపి యనుట సత్యమే. అయితే ఆ పోషకత్వము పండు పండుగా నిలిచియున్నంతవరకే చెల్లునను మాట ఈ వ్యాసమున పలుమారు చెప్పవలసివచ్చును.

వృక్షము

ఖర్జూరవృక్షమున ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. గింజ నాటినచో పుట్టు మొక్కలలో ఇంచుమించు సగము మగవి యగుటయేగాక, ఆడవియు తల్లిచెట్టు గుణమును నిలుపుకొనవు. కావున రైతులు అనాదిగా చెట్టు మొదలున పుట్టు పిలకలను వేరుచేసి నాటుకొనుచుండిరి. ఇప్పుడు ప్రయోగశాలలలో కణజాలవర్ధనముచే పెంచిన మొక్కలును వాడుకలోనికి వచ్చినవి. గాలి మోసికొనివచ్చు పుప్పొడిని నమ్ముకొన్నచో పంట చాలదు. మగపూల పుప్పొడిని మనిషి చెట్టెక్కి ఆడగెలలకు పట్టింపవలెను. ఒక మగచెట్టు పుప్పొడి సుమారు 50 ఆడచెట్లకు చాలును. నాటిన నాలుగు మొదలు ఆరేండ్లకు కాపు మొదలగును. బాగుగా సాకిన చెట్టు నూరేండ్ల వరకు బ్రతుకును.

కాయ పక్వమగుటలో నాలుగు దశలు కలవు. వానిని లోకమంతటను అరబ్బు పేర్లతోనే వ్యవహరింతురు. ఆకుపచ్చని పిందె దశ కిమ్రీ. పసుపుపచ్చగానో ఎఱ్ఱగానో రంగు తిరిగి, కొరికిన కరకరలాడు దశ ఖలాల్. మెత్తబడి రసము నిండిన దశ రుతబ్. నీరింకి ముడుతలు పడి, ఎన్ని నెలలైనను చెడని దశ తమ్ర్. కడపటి దశకు రావలెనన్న దీర్ఘమైన వేసవియు, కాయ పండునపుడు చినుకు పడని ఆకాశమును కావలెను. వేరునకు పుష్కలముగ నీరు, తలకు నిప్పులవంటి యెండ ఉండవలెనని అరబ్బులు చెప్పుదురు. నేపర్‌విల్ శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు దిగువన 20 డిగ్రీల వరకు పడు రాత్రులు కలవు; అచ్చట ఈ చెట్టు ఆరుబయట బ్రతుకుట కల్ల. అందుచే అచ్చటి యింట తిను ప్రతి పండును వేరొక నేలనుండి రావలసినదే.

తెలుగునాట చిక్కు వేరు. మనకు ఎండకు కొరత లేదు. కాని కాయ పండువేళకు నైరృతి ఋతుపవనము వచ్చి గెలలను తడిపివేయును. గుజరాతులోని కచ్ఛ్ ప్రాంతమునకును ఇదే బాధ. అచ్చటి రైతులు ఉపాయశాలురై, వాన ముదురకమునుపే ఖలాల్ దశలో గెలలు కోసి పచ్చిపండుగనే అమ్ముదురు. కచ్ఛ్ ఖారెక్ అను ఆ పండునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అనంతపురము వంటి మెట్టసీమలలో కొందరు రైతులు బర్హీ రకమును నాటి, పసుపుపచ్చని గెలలను అదేరీతిని సంతకు తెచ్చుచున్నారు. ఎండిన ఖర్జూరము కొఱకు మాత్రము భారతదేశము పశ్చిమాసియాపై ఆధారపడియున్నది.

చరిత్ర

మెసపొటేమియా నాగరికతకు ఖర్జూరము వెన్నెముక. క్రీస్తుకు పూర్వము పదునెనిమిదవ శతాబ్దమున బాబిలోను నేలిన హమ్మురబి శాసనములలో ఖర్జూరపుతోటను కౌలుకిచ్చుటను గూర్చి ప్రత్యేక నిబంధనలు కలవు: పరాగసంపర్కము చేయించుటకై తోటను మాలికి అప్పగించినచో అతడు ఫలసాయమున మూడింట రెండు వంతులు యజమానికి ఈయవలెను. అనగా చెట్టెక్కి పుప్పొడి పట్టించు పని అప్పటికే ధర్మశాస్త్రమున చోటు పొందదగినంత ముఖ్యమైన వృత్తి యన్నమాట. బెలూచిస్తానమున మెహర్‌గఢ్ త్రవ్వకములలో ఖర్జూరపు గింజలు దొరకినందున సింధుప్రాంతమువారికిని ఈ ఫలము అతిప్రాచీనకాలముననే పరిచితమని తెలియుచున్నది. ఈ గింజలోని ప్రాణశక్తి యెంతటిదో చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును: మృతసముద్రతీరమున మసాదా కోటలో దొరకిన, సుమారు రెండువేల యేండ్లనాటి గింజ యొకటి 2005లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు నాటగా మొలకెత్తి చెట్టైనది.

నేపర్‌విల్ గృహిణి నేడు కొను పండు చరిత్ర ఇంతకంటె చాల ఇటీవలిది, అయినను ఆసక్తికరము. అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు వాల్టర్ స్వింగిల్ 1900 ప్రాంతమున అల్జీరియానుండి డెగ్లెట్ నూర్ రకపు పిలకలను తెప్పించెను. కాలిఫోర్నియాలో, సముద్రమట్టమునకు దిగువన కొంతభాగముండి, నిప్పులు చెరుగు కోచెల్లా లోయ వానికి పుట్టినిల్లువలె కుదిరినది. తరువాత 1927లో అతడే మొరాకో వెళ్లగా, అచ్చట బయూద్ అను శిలీంధ్రరోగము తోటలను కబళించుచుండెను. బూదెనిబ్ ఒయాసిస్సున రోగము సోకని ఒక మెడ్జూల్ చెట్టునుండి 11 పిలకలు ఆయనకు లభించినవి. ఆ రోగము అమెరికాలో ప్రవేశింపకుండుటకై వానిని కాలిఫోర్నియాకు తేక, నెవాడాలో మారుమూల తావున కొన్నియేండ్లు ఒంటరిగా పెంచిరి. అందు 9 మాత్రమే దక్కినవి. 1930వ దశకమున అవి రోగరహితములని తేలిన పిదప వానిని ఇండియో పట్టణమునకు చేర్చి, వాని పిలకలను 1944 నుండి రైతులకు పంచిరి. కోచెల్లాలోను, అరిజోనా యూమా ప్రాంతమునను, కాలిఫోర్నియా బార్డ్ లోయలోను నేడు కాచుచున్న మెడ్జూల్ తోటలు ఆ తొమ్మిది మొక్కల సంతానమే. తొమ్మిది పిలకలకు గావించిన ఆ శుశ్రూషయే లేకున్నచో ఈ రకము అమెరికాకు దక్కియుండదు.

ఆ తోటలలో పనిచేయువారిని పాల్మెరోలందురు. వారిలో పలువురు మెక్సికో దేశీయులు. ముండ్లు కోయుట, పుప్పొడి పట్టించుట, కాయలు పలుచన చేయుట, గెల విరుగకుండ మట్టకు కట్టుట, పక్షులకు దక్కకుండ సంచులు తొడుగుట, చివరకు కోత: ఇట్లు ఏడాదిలో పలుమారులు ఒక్కొక్క చెట్టును ఎక్కవలెను. మోకు నడుమునకు బిగించి తాడినో ఈతనో ఎక్కు మన గీతకార్మికుని నెరిగిన తెలుగువారికి ఈ పనిలోని ప్రాణభయము విడమరచి చెప్పనక్కరలేదు. సంతలో మెడ్జూల్ వెల యెక్కువ యని తోచినపుడు ఈ శ్రమను స్మరించుట న్యాయము.

తెలుగువారి ఆచారములలో

తెలంగాణమున ఆడుబిడ్డకు పోయు ఒడిబియ్యములో కుడుకలు, పసుపుకొమ్ములు, పోకవక్కలతోపాటు ఎండు ఖర్జూరములు తప్పక ఉండును. పెండ్లి పళ్లెములలో, శ్రీమంతమునాటి తాంబూలములలో వీనిని మంగళద్రవ్యముగా ఉంతురు. హైదరాబాదు నగరమున ఖర్జూరమునకు వేరొక వైభవము కలదు. రంజాను మాసమున ఉపవాసదీక్షను ఖర్జూరముతో విరమించుట ముస్లిముల సంప్రదాయము కాగా, బేగంబజారు టోకు దుకాణములలో ఆ మాసమున కిమియా, అజ్వా, కల్మీ, మబ్రూము అను పేర్లతో రాశులు పోసిన పండ్లను కొనుటకు అన్ని మతములవారును వత్తురు. హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నివసించు బార్కస్ పేట సంగతి చెప్పనక్కరలేదు. తిరుచిరాపల్లినుండి వచ్చు లయన్ సంస్థవారి ఖర్జూరపు పొట్లము మన చిన్నపట్టణములలోని కిరాణాదుకాణములలో సైతము చిరపరిచితము.

నేపర్‌విల్‌లో ఈ రెండు ధారలును కొనసాగుచున్నవి. ఒడిబియ్యమునకు కావలసిన గట్టి ఎండు ఖర్జూరము భారతీయ కిరాణాదుకాణములందే దొరకును. 1974లో షికాగో డెవాన్ వీధిలో ఆరంభమైన పటేల్ బ్రదర్స్ సంస్థకు నేపర్‌విల్‌లో శాఖ యున్నందున, పూర్వమువలె డెవాన్ వీధి వరకు పోనక్కరలేదు. మెత్తని మెడ్జూల్ పండ్లు కాస్ట్కో మొదలగు అమెరికను దుకాణములలో పెద్ద డబ్బాలుగ లభించును. నేపర్‌విల్ ఇస్లామిక కేంద్రమున రంజాను సాయంకాలములలో దీక్ష విరమించు హైదరాబాదీ కుటుంబములవారికిని, వారి పొరుగున నున్న హిందూ తెలుగు కుటుంబములవారికిని ఖర్జూరము ఇచ్చిపుచ్చుకొనుటకు అనువైన కానుక. ఇందు మాంసముండునేమో, గ్రుడ్డు కలిసినదేమో యను శంకకు తావు లేదు.

పోషకవిలువ

అమెరికా వ్యవసాయశాఖ పట్టికలనుబట్టి 100 గ్రాముల మెడ్జూల్ ఖర్జూరమున 277 క్యాలరీల శక్తి, సుమారు 75 గ్రాముల పిండిపదార్థము, అందు 66 గ్రాములకు మించి చక్కెరలు, 6.7 గ్రాముల పీచు, 1.8 గ్రాముల మాంసకృత్తులు, 696 మిల్లీగ్రాముల పొటాషియము, 54 మిల్లీగ్రాముల మెగ్నీషియము, 64 మిల్లీగ్రాముల కాల్షియము, 0.9 మిల్లీగ్రాముల ఇనుము కలవు. కొవ్వు లేదనియే చెప్పవచ్చును. తూకమునకు తూకము చూచినచో అరటిపండుకంటె పొటాషియము ఇంచుమించు రెట్టింపు. 24 గ్రాములు తూగు ఒక మెడ్జూల్ పండు 66 క్యాలరీలను, 16 గ్రాముల చక్కెరను, ఒకటిన్నర గ్రాముల పీచును ఇచ్చును. డెగ్లెట్ నూర్ పండు చిన్నది. సుమారు ఏడు గ్రాములు తూగును. అందు పీచు కొంత యెక్కువ. మెడ్జూల్‌లోని చక్కెర ప్రధానముగా గ్లూకోజు, ఫ్రక్టోజు రూపముననుండగా, డెగ్లెట్ నూర్‌లో చెరకులోని సుక్రోజే అధికము. నోటికి ఆ రెండును వేరువేరు తీపులుగ తోచుటకు ఇదియు నొక కారణము.

ఈ అంకెలు రెండు సంగతులను చెప్పుచున్నవి. మొదటిది, పంచదారనుండి శక్తి మాత్రమే లభింపగా, ఖర్జూరమునుండి అదే తీపితో పీచును, లవణములును లభించుచున్నవి. పీచు పేగులకు మేలు చేయును; తీపి రక్తమున చేరు వేగమును మందగింపజేయును. రెండవది, ఖర్జూరము తినిన రక్తము పట్టునని మన పెద్దలు చెప్పు మాటను గూర్చినది. ఆ మాటయందు పెద్దలకు గల ఆదరము మనకును కలదు. కాని 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము లోపు ఇనుముగల పండు ఒంటరిగా రక్తహీనతను పోగొట్టజాలదు. ఐతే మన నువ్వులలో 100 గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల ఇనుమును, పొట్టుతోనున్నచో 900 మిల్లీగ్రాములకు మించిన కాల్షియమును కలవు. నువ్వులు దోరగా వేయించి, ఖర్జూరముతో దంచి, ఉండలు కట్టు మన వంటకమున లోపమును పూరించునది నువ్వు, దానిని ముద్దకట్టి రుచి నిచ్చునది ఖర్జూరము. పెద్దల మాటకు నిజమైన ఆధారము ఆ కూడికయందున్నదని నా అభిప్రాయము. రక్తహీనత నిర్ధారణమైన స్త్రీలు, పిల్లలు దీనిని ఆహారముగా గ్రహింపవలెనే గాని వైద్యుడిచ్చిన ఇనుపమాత్రకు మారుగా భావింపరాదు.

చరకసంహితలో అలసట తీర్చు పది ద్రవ్యముల గణమొకటి కలదు. శ్రమహరమను ఆ గణమున ద్రాక్ష, దానిమ్మ, చెరకు, యవలు మొదలగువానితో ఖర్జూరమును చేర్చిరి. త్వరితముగ జీర్ణమగు చక్కెరలును పొటాషియమును కలిసిన ఈ ఫలమునకు ఆ స్థానము ఉచితమే. నెలలు నిండుచున్న గర్భిణులకు ఖర్జూరము మంచిదని జోర్డానున జరిగి 2011లో వెలువడిన ఒక పరిశీలన సూచించినది. కాని అది కొలదిమంది స్త్రీలతో జరిగినది, దానిని సిద్ధాంతముగ గైకొనరాదు.

పిల్లల ఆహారమున

రెండేండ్లు నిండని శిశువులకు చేర్చిన చక్కెర అసలే వలదనియు, రెండు మొదలు పదునెనిమిదేండ్ల వరకు దినమునకు 25 గ్రాములకు లోపుగా నుండవలెననియు అమెరికా హృద్రోగ సంఘము 2016లో సూచించినది. పండులో సహజముగనున్న చక్కెర ఈ లెక్కలోనికి రాదు. నేపర్‌విల్ తల్లిదండ్రులు ఖర్జూరమువైపు మొగ్గుటకు ఈ సూచనయు నొక కారణము. ఇచ్చటనే ఒక జాగ్రత్త చెప్పవలెను. ఖర్జూరపు పాకము, అనగా పీచు వడగట్టి కాచిన సిరప్పు, పండుతో సమానము కాదు. అది తేనెవలె, బెల్లపుపాకమువలె చేర్చిన చక్కెరయే. ఖర్జూరముతో చేసినదను మాట కనబడగానే పొట్లమును బుట్టలో వేసికొనక, వెనుకవైపు పట్టికలో చేర్చిన చక్కెరల వరుసను చదువవలెను. అంతకంటె ఉత్తమమార్గము పండును ఇంటనే ముద్దచేసికొనుట.

ఆ ముద్ద చేయుట సులువు. గింజ తీసిన పండ్లను మునుగునంత వేడినీటిలో పావుగంట నాననిచ్చి, ఆ నీటినే కొంచెము చేర్చి మిక్సీలో తిప్పినచో మెత్తని ముద్ద వచ్చును. నేపర్‌విల్ ఇండ్లలో దీనిని ఓట్సు జావలో, రాగిజావలో, పెరుగులో కలుపుదురు. సేమ్యాపాయసమున చక్కెర భాగము తగ్గించి దీనిని వేయువారును కలరు. ఒక సూచన: వేడిపాలలో నేరుగా వేసినచో కొన్నిమార్లు పాలు విరుగును, కాబట్టి పాలు గాని జావ గాని చల్లారి గోరువెచ్చనైన పిదప కలుపవలెను. గట్టి ఎండు ఖర్జూరమును రాత్రి పాలలో నానవేసి ఉదయము తినిపించు మన పాత పద్ధతియు మంచిదే. చింతపండుతో ఖర్జూరమును ఉడికించి చేయు తీపి పులుపు పచ్చడి పిల్లలు ఇష్టపడు చాట్ పదార్థముల జతకు బాగుగ కుదురును.

బడికి పంపు డబ్బా విషయమున అమెరికాలో ప్రత్యేకముగ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. నువ్వులు అక్కడి చట్టమున 2023 జనవరి 1 నుండి తొమ్మిదవ ప్రధాన అలెర్జీకారకముగ చేర్చబడినవి. వేరుసెనగ, జీడిపప్పు, బాదము అంతకుముందునుండియే ఆ జాబితాలో కలవు. ఇంట ఎంత శ్రేష్ఠమైనదైనను నువ్వులుండ తరగతిలోని వేరొక బిడ్డకు ప్రాణాపాయము కావచ్చును గనుక, పుట్టినరోజు పంచిపెట్టుటకు పంపునపుడు ఉపాధ్యాయుని ముందుగ అడుగవలెను. గింజ తీసిన పండునే తరిగి పంపుట నిరపాయము. నాలుగేండ్లలోపు పిల్లలకు పండును పూర్తిగ ఈయరాదు. బంకవంటి కండ గొంతున చిక్కు ప్రమాదమున్నందున చిన్నముక్కలు చేయవలెను. అది దంతముల సందులలో అంటుకొని నిలుచుటవలన తిన్న పిదప నోరు పుక్కిలించుట అవసరము.

ఇంటిలోని పెద్దలను గూర్చియు ఒక మాట. ఆసియా సంతతివారికి తక్కువ శరీరభారమునందే మధుమేహము వచ్చుచున్నందున, ఇతరులకు 25గా నున్న శరీరభారసూచికను వారి విషయమున 23గా గ్రహించి పరీక్షలు చేయవలెనని అమెరికా మధుమేహ సంఘము 2015 నుండి చెప్పుచున్నది. షికాగో చలికాలమున నెలల తరబడి నడక తగ్గు తెలుగు గృహస్థులు దీనిని మరువరాదు. మధుమేహము గలవారు ఖర్జూరమును బొత్తిగ విడువనక్కరలేదు. ఒక మెడ్జూలును గాని, రెండుమూడు చిన్నపండ్లను గాని, నాలుగు బాదముపప్పులతోనో పెరుగుతోనో చేర్చి, భోజనపు లెక్కలోనే కలుపుకొని తినవచ్చును. మూత్రపిండవ్యాధి గలవారికి పొటాషియము కారణముగ ఇది హానికరము కావచ్చును. వారు వైద్యుని అడిగియే తినవలెను.

ఎంపిక, నిలువ

మంచి పండు నిగనిగలాడుచు, ఒత్తినచో మెత్తగ లొంగి, పులిసిన వాసన లేకయుండును. పైని తెల్లని పొడవలె కనబడునది తరచుగ చక్కెర స్ఫటికించి ఏర్పడినది. వెచ్చచేసిన కరగును, బూజు కాదు. తినకమునుపు పండును నిడుపుగ చీల్చి లోపల చూడవలెను. నల్లని పొడివంటి బూజును గాని, పురుగు జాడను గాని కన్న దానిని పారవేయవలెను. కోత ఆగస్టునుండి డిసెంబరు వరకు జరుగును గనుక శరత్తునందు అమెరికా సంతలో కొత్తపండు దొరకును. మెత్తని పండ్లను గాలి చొరని డబ్బాలో పెట్టి రిఫ్రిజిరేటరులో కొన్ని నెలలును, గడ్డకట్టు అరలో ఏడాదివరకును నిలువ యుంచవచ్చును. అధికమైన చక్కెర వలన అవి రాయివలె గడ్డకట్టవు, తీసిన కొద్దిసేపటికే తినుటకు అనువగును. ఒడిబియ్యమునకు వాడు గట్టి ఎండు ఖర్జూరమునకు ఈ శ్రద్ధ అక్కరలేదు. పొడిడబ్బాలో, తేమ తగులని చోట ఉంచిన చాలును.